ఎదురుగా కూర్చున్న పిల్ల

1963 మార్చి 12, మంగళవారం. ఎడపల్లికి రెండు మైళ్ళ దూరంలోని ప్రాథమిక పాఠశాల, రెండో తరగతి గది. హాజరైనవారు: ఇన్‌స్పెక్టర్ గారు, హెడ్మాస్టర్ గారు, నేను, ఇరవై తొమ్మిది మంది పిల్లలు. వరండాలో కిటికీ పక్కన సాయిలు, ఫ్యాక్టరీకి చెరుకు బండి తోలే మనిషి.

ఆనాటి డైరీలో ఇంతే ఉంది. మిగతాది రాయడానికి ఆ రోజు చేయి సాగలేదు. ఇప్పుడు రాస్తున్నాను. కోపం తగ్గిందని మాత్రం కాదు.

మా బడిలో ఉన్న ఒక్క నల్లబల్ల నాలుగో తరగతి గదిలో ఉండేది. వాచకాలు కొనగలిగిన ఇళ్ళు ఊళ్ళో ఏడో ఎనిమిదో. అందుకని చిన్న తరగతులకు చదువు రింగులో చెప్పేవాళ్ళం. రింగు అంటే నలుగురు పిల్లలు, నడుమ నేల మీద ఒక పుస్తకం. పుస్తకం ఎవరిదైతే అక్షరాలు వాళ్ళ వైపు. ఆ పక్కన ఒకరు, ఈ పక్కన ఒకరు. నాలుగో మనిషి ఎదురుగా. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు. పుస్తకం తెచ్చినవాడు తన ముందు పెట్టుకుంటాడు, అంతే.

పటేలు మనవడు నర్సింలు పుస్తకానికి ఎదురుగా రెండేళ్ళు కూర్చున్న పిల్ల పేరు లస్మి. సాయిలు కూతురు. గొంతు గట్టిది, చదువులో తడుముకోదు. అక్షరాలు దిద్దించేటప్పుడు నేను రింగు నడుమ ఇసుక పోసి వేలితో రాసేవాణ్ణి. అదీ నర్సింలు వైపు నుంచే.

సాయిలు నెల ముందే తేల్చి చెప్పాడు. "ఇన్‌స్పెక్టర్ సారు పాసంటే మూడోదానికి పంపుత సారూ. కాదంటే నా ఎంబడి చెరుకుకు తోల్కపోత. గంతే."

"గ్యారంటీగ పాసయితది సాయిలు," అన్నాను. నా పిల్లల మీద నాకు అంత నమ్మకం.

ఇన్‌స్పెక్టర్ గారు తెలివైన పనే చేశారు. బట్టీ పట్టినవాళ్ళు దొరికిపోవాలని, మా పిల్లలెవరూ చూడని వాచకం సంచిలో తెచ్చారు. నర్సింలు రెండు వాక్యాలు తడబడుతూ నెట్టుకొచ్చాడు. "ఫరవాలేదు," అన్నారు. తర్వాత లస్మి లేచింది. పుస్తకం అందుకుని, తలకిందులుగా తిప్పి పట్టుకుంది. కుడి కొసన వేలు పెట్టి, ఎడమకు జరుపుకుంటూ, కుమ్మరి పాఠం గడగడా చదివింది. ఒక్క తప్పు లేదు.

"పుస్తకం పట్టుకోవడం రాని పిల్లకు చదువొచ్చా? ఈ పాఠం ఎక్కడో ఎవరో చదువుతుంటే విని నేర్చింది," అంటూ ఇన్‌స్పెక్టర్ గారు పుస్తకాన్ని సరిగ్గా తిప్పి ఆమె చేతిలో పెట్టారు. "ఇప్పుడు చదువు."

లస్మి చాలాసేపు చూసింది. ఒక్క అక్షరమూ పోల్చుకోలేకపోయింది.

"కుడి నుంచి ఎడమకు పోతున్నది సార్," అన్నారు హెడ్మాస్టర్ గారు, "ఉర్దూ మీడియంల ఏద్దామా?" ఇద్దరూ నవ్వారు. పెద్దవాళ్ళు నవ్వితే పిల్లలు ఊరుకుంటారా? గదంతా నవ్వింది.

లస్మి నవ్వలేదు, ఏడవలేదు. "నేను గీ దిక్కు కూసుంట సారూ," అంది. "గీ దిక్కుకెల్లి సూస్తె అక్షరాలు గిట్లనే ఉంటయి."

అప్పుడు నాకు అర్థమైంది. పలక తీసి, నీ పేరు రాయమన్నాను. ఎప్పటిలాగే ఎదురుగా నిలబడ్డాను. అక్షరాలు గుండ్రంగా, చక్కగా ఉన్నాయి. రెండేళ్ళలో మొదటిసారి ఆమె వెనక్కి వెళ్ళి చూశాను. ప్రతి అక్షరమూ తలకిందులు. ఆ పిల్ల నా వైపుకు రాస్తోంది. నేను ఎదురుగా నిలబడి, బాగుంది బాగుంది అంటూ ముందుకు పోతున్నాను.

"సార్, ఇది బట్టీ కాదు. ఏ పేజీ అయినా ఇవ్వండి, తిప్పి పట్టుకుని చదువుతుంది. తప్పు నాది. రాయాలంటే నా పేరు మీద రాయండి," అన్నాను.

"మాస్టారూ, నేను పరీక్ష చూడడానికి వచ్చాను, గారడీ చూడడానికి కాదు." ఆయన లాగ్‌బుక్కు తెరిచారు. తనిఖీకి వచ్చిన అధికారి తన అభిప్రాయం రాసే పుస్తకం అది. లస్మి పేరు పక్కన 'బట్టీ' అని రాసి గీత కొట్టారు. ఆ మాట పడ్డ పేరు ప్రమోషన్ లిస్టుకు ఎక్కదు. తర్వాత పటేలు ఇంట్లో కోడికూర ఉందని హెడ్మాస్టర్ గారు గుర్తుచేశారు.

సాయిలు లోపలికొచ్చి కూతురు చెయ్యి పట్టుకున్నాడు. "నవ్వులపాలు చేసేటందుకేనా సారూ, రెండేండ్లు ఎదురుంగ కూసోబెట్టుకున్నది?"

లస్మి పలక లస్మి చేతికిచ్చి పంపాను.

భోజనానికి నేను పోలేదు. ఇంట్లో కూర్చుని పాత డైరీలు తీశాను. లస్మి పేరు మూడు చోట్ల ఉంది. 'చదువు బాగు.' 'రాత గుండ్రం.' 'ఈ పిల్ల పైకి వస్తుంది.' ఇన్‌స్పెక్టర్ గారు చూసింది ఒక్క గంట. ఆయన అహంకారం మీద మండిపడే హక్కు నాకుంది. కానీ రెండేళ్ళు రోజూ చూసిన నన్నేమనాలి? పద్ధతి గల మాస్టారని పేరు నాకు! పిల్ల చేతిలోని పలకను పిల్ల కూర్చున్న వైపు నుంచి ఒక్కసారైనా చూడని పద్ధతి అది. ఆ తర్వాత సర్వీసు ముగిసేదాకా ఏ పలకనూ ఎదురుగా నిలబడి చూడలేదు. వెనక్కి పోయి, పిల్ల భుజం మీదుగా చూశాను. రింగులో పుస్తకం రోజుకొకరి వైపు తిప్పించాను. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఇంతే, నాకు నేర్పిన పిల్లకు దాంతో ఏమీ ఒరగలేదు.

మర్నాడు పొద్దున లస్మి రాలేదు. నర్సింలు పుస్తకాన్ని తీసి, అక్షరాలు ఆమె ఖాళీ చోటు వైపు వచ్చేలా పెట్టాను.

"సారూ, పుస్తకం ఉల్టా ఉన్నది," అన్నాడు నర్సింలు.

"లస్మికి రెండేండ్లు గట్లనే ఉండె. సదువు."

ఒక్క ముక్క చదవలేకపోయాడు. హెడ్మాస్టర్ గారు వచ్చి, ఇదేం పని అన్నారు. పుస్తకం అలాగే తలకిందులుగా ఆయన చేతిలో పెట్టాను. "మీరు చదవండి సార్."

రెండో మాట దగ్గర ఆగిపోయారు. పుస్తకం తిప్పబోయారు. నేను దాని మీద చెయ్యి పెట్టాను. "ఆమెను ఎవరూ తిప్పుకోనియ్యలేదు సార్."

ఆయన ముఖం ఎర్రబడింది. నన్ను సస్పెండ్ చేయిస్తారనుకున్నాను. ఆయన బల్ల దగ్గరికి పోయి, ప్రమోషన్ లిస్టులో చివరన లస్మి పేరు రాసి సంతకం పెట్టారు. "లాగ్‌బుక్కు ఆయనది. లిస్టు నాది. పో, తోల్కరాపో," అన్నారు.

పరుగులాంటి నడకతో పోయాను. సాయిలు వాకిట్లో బండి లేదు. అతని తల్లి ఎడ్లు కట్టే చోట ఊడుస్తోంది.

"తెల్లారకముందే బండెక్కి పోయింది సారూ. గడప లోపట కూసోని పేరు రాసి, పలక గూడ ఏస్కపోత అన్నది. ఇగ సదువు లేదని వాళ్ల బాపు వద్దన్నడు."

పలక గడప మీద ఉంది. దాని మీద లస్మి పేరు. నేను నిలబడ్డ వైపు నుంచి అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి.