టైఫాయిడ్ లేదంట

మా పిన్నమ్మ మీద ఒక మహాకావ్యం చెప్తాను, కూర్చోండి. అబద్ధం. అంత సరుకు లేదు. ఒక స్వెట్టరూ, నా జ్ఞాపకశక్తీ, అంతే.

ధర్మవరంలో మే నెల ఎండకు కాకులే నోళ్ళు తెరుస్తాయి. ఆమె మాత్రం స్వెట్టర్ వేసుకునే మగ్గం నేసేది. "పిన్నమ్మా, ఊటీలో వానలు పడినాయా?" అనేవాణ్ణి. "నవ్వు నాయనా, నవ్వు. నాకు చలి పెడతాండాది" అని పై గుండీ కూడా పెట్టుకునేది. అప్పటికే రెండుసార్లు కడుపు నిలవలేదు.

మూడోసారి, రెండో నెలలో, హిందూపురం డాక్టరమ్మ దగ్గరికి నేనే తోడు పోయినాను. ఆమె థైరాయిడ్ పరీక్ష రాసి, ధర్మవరంలోనే చేయించుకోమంది. తిరిగొస్తా ఉంటే పెనుకొండ దగ్గర చీటీ బస్సు కిటికీలోంచి ఎగిరిపోయింది. "పేరు నాకు గుర్తుందిలే" అన్నాను. డిగ్రీ చదివేవాణ్ణి కదా! ల్యాబులో టైఫాయిడ్ అని చెప్పినాను. లేదని వచ్చింది. ఇంట్లో పాయసం చేసినారు.

నెల తిరక్కుండానే ఆ కడుపూ పోయింది. డాక్టరమ్మ రిపోర్టు చూసి, "ఇది టైఫాయిడ్‌ది కదా" అంది. మళ్ళీ రక్తం తీయిస్తే థైరాయిడ్ బాగా తక్కువని తేలింది. ఎండల్లో ఆ చలీ దానివల్లేనంట.

"అందుకే పోయిందా మేడం?" అని అడిగినాను.

"చెప్పలేను. తెలిసుంటే మందు మొదలుపెట్టేదాన్ని."

బయటికొచ్చినాక పిన్నమ్మ నా వీపు నిమిరి, "రెండు పేర్లూ ఒకే మాదిరి ఉండాయిలే అబ్బీ" అంది. నేను మాత్రల చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టి, గుండీ పెట్టుకున్నాను.

ఇప్పుడు చీటీ చూడకుండానే చెప్తాను: థైరాయిడ్ మాత్ర పొద్దున్నే పరగడుపున వేసుకోవాలి. ఆ తర్వాత అరగంట దాకా కాఫీ తాగకూడదు.