చెరకు రసంలో ఊరిన కాఫీ

కాఫీ తాగడానికి రాజమండ్రి నుంచి అనకాపల్లి వెళ్తున్నానని మా కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. నవ్వుతారని కాదు. ఎవరైనా వెంట వచ్చి, "పాలు లేవా? పంచదార ఏదీ?" అని నా ప్రాణం తీస్తారేమోనని. కాఫీ విషయంలో నేను కాస్త కోపిష్టిని. కాయితం ఫిల్టర్లో పొడి వేసి, పైనుంచి వేణ్నీళ్లు సన్నటి ధారగా పోసి, కిందికి దించుకునే పోర్ ఓవర్ కాఫీ తప్ప ఇంకోటి నా గొంతు దిగదు. పెళ్లిళ్లలో మంచినీళ్లు తాగి వచ్చేస్తాను.

నన్ను పిలిచింది అప్పలనాయుడు. కాఫీ పిచ్చివాళ్లం నడుపుకునే వాట్సాప్ గ్రూపులో పరిచయం. కశింకోట దగ్గర పల్లెలో చెరకు రైతుల ఇల్లు. పరవాడలో ఒక మందుల కంపెనీలో కెమిస్టు. జీతం లేని సెలవు పెట్టి, చింతపల్లి కొండల నుంచి కాఫీ పళ్లు తెచ్చి, చెరకు రసం పోసి, గాలి సొరకుండా మూత బిగించిన డ్రమ్ముల్లో పులియబెట్టాడు. ఇలాంటి కాఫీలకి ఇప్పుడు నగరాల్లో మంచి గిరాకీ ఉంది. కుదిరితే పండు వాసన వస్తుంది, కుదరకపోతే పెంటకుప్ప వాసన.

"మేడమ్, నా నోటికి పుల్లగా తగుల్తంది. అది అందమో, పాడైపోడమో తెలట్లేదు. మీరొచ్చి ఉన్నదున్నట్టు చెప్పండి. ఆదివారంతో నా లీవు అయిపోతాది. కాఫీ బాగుంటే రిజైన్ చేసెత్తాను. లేదంటే సోమవారం పొద్దున్నే కంపెనీ బస్సెక్కెత్తాను" అన్నాడు ఫోన్లో. ఒక మనిషి ఉద్యోగం నా నాలుక మీద పెట్టేశాడు. వద్దనడానికి నోరు రాలేదు.

ఆదివారం ఉదయం ఏడు దాటాక రాజమండ్రిలో రైలెక్కాను. సెకండ్ సిట్టింగ్, కిటికీ సీటు. సంచిలో చేత్తో తిప్పే గ్రైండరు, ఫిల్టర్ కాయితాలు, చిన్న కాటా, సన్నటి పొడుగు మూతి ఉన్న కెటిల్. ఆ కెటిల్ సంచిలో పట్టక మెడ బయటపెట్టుకుని కూర్చుంది. తునిలో ఎక్కిన పాయకరావుపేట చీరల వ్యాపారి ఒకావిడ దాన్ని ఎలమంచిలి దాకా చూస్తూనే ఉంది.

"ఇదేటమ్మా, పిల్లలకి మందు పోసేదా?"

"కాదండీ, కాఫీకి."

"కాఫీకి ఇంత మెడెందుకూ?"

నీళ్లు ఎక్కడ పోస్తే అక్కడే పడాలని చెప్పాను. ఆవిడ నన్ను పైకీ కిందికీ చూసి, పోనీలే పాపం అన్నట్టు ఒక జామకాయ ఇచ్చింది.

పది దాటాక అనకాపల్లి. వెళ్లదలచుకున్న వాళ్లకి ఒక మాట: నీళ్లు మాత్రం ఊళ్లోనే కొనుక్కోండి. పల్లెల్లో బోరు నీళ్లు ఉప్పన, ఎంత మంచి కాఫీనైనా చంపేస్తాయి. నేను స్టేషను బయట అయిదు లీటర్ల డబ్బా ఒకటి కొని, రెండు ఇడ్లీలు తిని, కశింకోట వైపు వెళ్లే షేర్ ఆటో ఎక్కాను. ముందు సీట్లో డ్రైవరుకి అటొకరు ఇటొకరు, వెనక ఆరుగురం. ఇంకా గానుగలు ఆడుతున్న రోజులు కావడంతో దారంతా కాగుతున్న బెల్లం వాసనే. కశింకోటలో అప్పలనాయుడు బండి మీద ఎదురొచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. నీళ్ల డబ్బా నా చేతిలోంచి అందుకుని బండి ముందు పెట్టుకున్నాడు.

ఇంట్లో అతనూ వాళ్లమ్మ సన్యాసమ్మ గారూ ఇద్దరే. పెంకుటింటి వసారాలో మూత చుట్టూ ఇనప పట్టీతో బిగించే రింగు లాకు ఉన్న మూడు నీలం డ్రమ్ములు, ఇప్పుడు ఖాళీవి. ఆ పక్కనే వాటి బిడ్డలా చిన్న క్యాను ఒకటి. సన్యాసమ్మ గారు నాకు గానుగ దగ్గర్నుంచి తెప్పించిన చెరకు రసం చెంబుతో ఇచ్చారు. నోరు తీపెక్కితే రుచి తెలియదని వద్దన్నాను. ఆవిడ మొహం చిన్నబుచ్చుకున్నారు. "మేడమ్ పరీక్షకొచ్చేరమ్మా" అని కొడుకు సర్దిచెప్పాడు.

మూడు డ్రమ్ముల కాఫీలూ వేయించి సిద్ధంగా ఉంచాడు. ఒక్కోటీ పదిహేను గ్రాములు మరపట్టి, పొడి తడిసేదాకా కాసిని నీళ్లు పోసి ఆగాను. మంచి కాఫీ ఆ కాసేపట్లో మెత్తగా పొంగుతుంది. మొదటిది చెరకు రసం పోయనిది, పోల్చి చూసుకోవడానికి పెట్టుకున్నది. వాసన పేలవంగా ఉంది, చివర్న చిన్న పులుపు. ఫరవాలేదనుకున్నాను. రెండోది చెరకు రసంలో ఊరింది. కప్పు మూతి దగ్గరికి తెస్తుండగానే ముక్కు మండింది. మూడోది బెల్లం నీళ్లలో ఊరింది. అది మరీ ఘోరం. నాలుక అంచులు కోసుకుపోయాయి.

నేను ఇలాంటివి చాలా తాగాను. ద్రాక్ష పులుపు వేరు, సిర్కా, అంటే వెనిగర్ పులుపు వేరు. ఇది సిర్కా.

"చెప్పండి మేడమ్."

చుట్టూ తిప్పి చెప్పడం నాకు చేతకాదు. "పాడైపోయింది నాయుడు గారూ. మొదటిది తాగొచ్చు గానీ అమ్మడానికి పనికిరాదు. మిగతా రెండూ పారబొయ్యాల్సిందే" అన్నాను. అతను తలూపాడు. కప్పులు తీసుకెళ్లి పెరట్లో కడగడం మొదలుపెట్టాడు, కడిగినవే మళ్లీ కడిగాడు. నాకు చాలా బాధేసింది. నా నోటికి మెచ్చుకోవడం కూడా వచ్చి ఉంటే బాగుండునని ఆ క్షణాన నిజంగా అనిపించింది.

"అయితే రేపు బస్సే" అన్నాడు లోపలికొచ్చి. మామూలుగా అనడానికి ప్రయత్నించాడు.

ఒంటిగంటకి భోజనాలు. వేడన్నం, ముద్దపప్పు, వంకాయ, నిరుటి ఆవకాయ. ఆవకాయ ఎంత బాగుందంటే, నోరు పాడవుతుందన్న సంగతే మరిచిపోయి రెండుసార్లు కలుపుకున్నాను. పైగా ఇక రుచి చూడాల్సింది ఏం మిగిలిందని. ఏడాదైనా ముక్క ఇంత గట్టిగా ఎలా ఉందని అడిగాను.

సన్యాసమ్మ గారి మొహం అప్పుడు విచ్చుకుంది. "మూడోనాడు కలపడంలోనే ఉంటాదమ్మా అంతాను. మూత తీసి, అడుగునున్నది పైకి, పైనున్నది అడుక్కి తిరగెయ్యాల. నేకపోతే బూజొచ్చెత్తాది. ఈడి డ్రమ్ములూ అంతే కదా. ఈడు మూడోనాడు మరిన్ని పళ్లకని చింతపల్లి ఎల్లిపోయేడు. పాపం మర్చిపోయేడనుకుని నేనే కలిపేను."

అప్పలనాయుడు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఏటి కలిపేవు?"

"డ్రమ్ములు. మూడూను. తెడ్డుతోటి అడుగంటా కలిపి, మళ్లీ మూతెట్టేసేను."

"అమ్మా! గాలి తగలకూడదనే కదా లాకేసేను! గాలి తగిల్తే సిర్కా అయిపోతాది!"

"నాకు సెప్పేవా? డ్రమ్ము కొన్నావు, మీటరు కొన్నావు, మూత తియ్యకే అని ఒక్క ముక్క సెప్పేవా? నాకేటి తెలుత్తాది? కుళ్లిపోతాదేమోనని నా బెంగ నాది."

అతను విస్తరి ముందు నుంచి లేచి వాకిట్లోకి వెళ్లిపోయాడు. ఆవిడ నా వైపు తిరిగి, "నానే సెడగొట్టేనా అమ్మా?" అని అడిగారు. కాదని చెప్పలేను, అవునని అనలేను. పచ్చడి కలపకపోతే ఎవరైనా తిట్టుకునే ఇంట్లో, మూత తియ్యకపోవడమే పని అని ఎవరికి తోస్తుంది! నా తెలివి అప్పటికి ఒక ప్రశ్నకి మాత్రం పనికొచ్చింది.

"ఆ చిన్న క్యాను కూడా కలిపారా?"

"అది రాలేదు తల్లీ. మూత బిగుసుకుపోయింది. నా సేతిలో సత్తువ సాల్లేదు."

అప్పలనాయుడు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. డ్రమ్ముల్లో పట్టని పళ్లూ రసమూ ఆ క్యానులో పోసి బిగించాడట. తర్వాత విడిగా ఎండబెట్టి మూట కట్టి అటక మీద పడేశాడు. కొంచెమే కదా అని వేయించనే లేదు. మూట దించాడు. ఎండిన పళ్ల పొట్టు పోవాలి. సన్యాసమ్మ గారు అతని చేతిలో మూట అందుకుని, రోట్లో పోసి, గింజ చిట్లకుండా మెల్లగా దంచారు. చేటతో చెరిగారు. కొడుకు గ్యాసు పొయ్యి మీద గింజలు వేయించే చిన్న ఇనప డ్రమ్ము తిప్పుతూ వేయించాడు. వేయించిన కాఫీ రెండు రోజులైనా ఆగాలి, కానీ నా రైలు ఆగదు కదా. విసనకర్రతో చల్లార్చి మరపట్టాం. నేను సిర్కా పులుపూ ఆవకాయ కారమూ ఏదీ నోట్లో మిగలకుండా నాలుగుసార్లు పుక్కిలించి వచ్చాను.

నీళ్లు పోయగానే పొడి పొంగింది. వాసనకే తెలిసిపోయింది. కప్పులో ముందు పనసతొన, తర్వాత అప్పుడే పిండిన చెరకు రసం, చివర్న నోట్లో చాలాసేపు తియ్యదనం. పులుపు ఉంది, కానీ నేరేడు పండు పులుపు. ఈ దేశంలో నేను తాగిన మంచి కాఫీల్లో ఇదొకటి, ఆ మాటే చెప్పాను. అప్పలనాయుడు ఒక గుక్క తాగి, కప్పు పట్టుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయాడు.

సన్యాసమ్మ గారు కూడా తాగారు. పాలు లేని కాఫీ ఆవిడ జన్మలో తాగలేదు. మొహం వికారంగా పెట్టి, మింగి, మళ్లీ ఒక గుక్క తాగారు. "సేదుగానే ఉంది. కానీ ఇది సెరకే. మన సెరకే" అన్నారు.

"ఇప్పుడు చెప్పండి మేడమ్. రిజైన్ చేసీనా, మాననా?"

చేతిలో ఉన్నది రెండు మూడు కిలోల గింజ. పళ్లు మళ్లీ దొరికేది వచ్చే కాపుకే. "బాగా చేశారు, అది ఖాయం. కానీ ఏడాది పొడుగునా ఏం తింటారు?" అన్నాను. "ఉద్యోగంలో ఉంటే పళ్లు దిగే రోజుల్లో మళ్లీ పది రోజులు లీవెవడిస్తాడు మేడమ్? షిఫ్టుకెళ్లి డ్రమ్ము కాడెవరుంటారు?" అన్నాడు.

జవాబు రోటి పక్కనుంచి వచ్చింది.

"నువ్వు బస్సెక్కరా నాయుడా. డ్రమ్ము కాడ నాను కూకుంటాను. ఎవుల్నీ ముట్టుకోనీను. నన్ను కూడా."

అప్పలనాయుడు తలెత్తి వాళ్లమ్మను చూశాడు. నేను కెటిల్ సర్దే నెపంతో అటు తిరిగాను. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోవాల్సిన పనేముంది.

అయిదు దాటాక అతనే బండి మీద స్టేషనుకి దింపాడు. దారిలో గానుగల దగ్గర పిప్పి ఆరబోసి ఉంది, బండి నెమ్మదిగా పోనిచ్చాడు. సగం దారి దాటాక, "ఉద్యోగం వొదలొద్దని మా అమ్మ మూణ్ణెల్లుగా నాతో పోట్లాడతంది మేడమ్. డ్రమ్ముల వైపు చూసేదే కాదు, కంపు కొడతన్నాయనేది. మరి మూడోనాడు ఎందుకు కలిపినట్టు?" అన్నాడు. నన్ను అడగలేదు, తనే అనుకున్నాడు. ప్లాట్‌ఫాం దాకా వచ్చి, ఓ చిన్న పొట్లం నా చేతిలో పెట్టాడు. ఆ క్యాను కాఫీయే.

రైలు కిటకిటలాడుతోంది. తుని దాకా నిలబడే ప్రయాణం. అనకాపల్లిలో ఎక్కిన వాళ్లందరి చేతుల్లోనూ బెల్లం అచ్చులే, నా చేతిలో పొట్లం చూసి పక్కాయన ఎంతకి కొన్నారని అడిగాడు. ఇది అమ్మేది కాదండీ అన్నాను. వెళ్లొచ్చిన దారిలో చెప్పుకోదగ్గ చోట్లేమీ లేవు, ఒక వసారా, ఒక రోలు, నాలుగు కప్పులు. అయినా అన్ని ప్రయాణాల్లోకీ ఇది నాకు బాగా గుర్తుండిపోతుంది. తునిలో సీటు దొరికాక అతని దగ్గర్నుంచి ఫోనొచ్చింది. రేపు బస్సెక్కుతున్నానన్నాడు. వెనకాల ఏదో గోల.

"అమ్మకి పులుపు చూసే మీటరు నేర్పుతున్నా మేడమ్. అంకెలు చదవడం రాదు కదా, ముల్లు ఎక్కడ దాకా వత్తే నాకు ఫోన్ చెయ్యాలో గీత గీసిమ్మంటంది."