ఉగ్గు గిన్నెలో కల్లు

బాబును ఊయలలోంచి ఎత్తుకోగానే తల నా భుజం మీద నిలవలేదు. తడిగుడ్డలా వెనక్కి వాలిపోయింది. నోటి నుంచి పుల్లటి వాసన. విరిగిన పాల వాసన కాదు. మా వీధి చివర కల్లు దుకాణం దాటేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకుంటానే, ఆ వాసన. ఇంకా పొద్దయినా వాలలేదు.

మేం బోధన్‌లో అద్దెకుండేవాళ్లం. చెరుకు సీజన్‌లో మా ఆయనకు చక్కెర ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీలు. ఊయల తాడు లాగుతూ తెల్లవార్లూ నేనే కూర్చునేదాన్ని. ఇక లాభం లేదని, వాడంతట వాడే నిద్రపోవడం నేర్పాలని, మెలకువగా ఉన్నప్పుడే బాబును ఊయలలో వేసి, తాడు వదిలేసి, పక్కనే కూర్చోవడం మొదలుపెట్టాను. ఏడ్చేవాడు. పొట్ట మీద చెయ్యి వేసేదాన్ని, తీసేదాన్ని. ఏడుపు కొంచెం కొంచెంగా తగ్గుతోంది కూడా. అంతలో ఊరి నుంచి మా అత్త దిగింది.

"తల్లివా, పోలీసు తానేదారువా? పోరడు గంతగనం ఏడుస్తుంటే కుర్చీల కూసుంటవు. నీ సదువు పొయ్యిల పెట్ట! నా చేతిల పెట్టు, తాడు ముట్టకుంట పండుకునుడు నేర్పిస్త."

నేర్పించింది కూడా. రెండు రోజులకే బాబు కిక్కురుమనకుండా నిద్రపోయాడు. ఆ విద్య చూడడానికి ఇరుగుపొరుగు ఆడవాళ్లను పిలిచింది. "సూడుండ్రి, నేను తాడు ముట్టిన్నా?" వాళ్లు నోళ్లు తెరుచుకుని చూశారు. నాకు మాత్రం వాడి నిద్ర నచ్చలేదు. ఆకలికైనా లేవని పసివాడి నిద్ర చూసి మురిసిపోయే తెలివి నాకు లేదు.

మూడోనాడే ఈ వాసన. నేను అరిచిన అరుపుకు మా అయిదేళ్ల పాప పరుగెత్తుకొచ్చింది. "బాపమ్మ ఉగ్గు గిన్నెతోని పోసింది. తమ్ముడు గిట్ల మొఖం పెట్టిండు" అని మూతి వంకర తిప్పి చూపించింది.

అత్త తొణకలేదు. "జరంతనే పోసిన. చెట్టు కల్లు పిల్లలకు సలువ."

చెట్టు కల్లట! ఆ దుకాణం డ్రముల్లో మత్తుమందు పొడి కలుపుతారని ఊరంతా చెప్పుకునేది. ఒకపూట సీసా దొరక్కపోతే చేతులు వణికే మగవాళ్లను రోజూ చూస్తూ కూడా అది చలువ అనుకోవడానికి ఎంత గుడ్డితనం కావాలో! డ్యూటీకి తయారవుతున్న మా ఆయన లుంగీ సర్దుకుంటూ వచ్చాడు. "మేమందరం తాగి పెరిగినోళ్లమే. ఏమయింది మాకు?"

"ఏమయిందో రోజూ చూస్తనే ఉన్న. స్కూటర్ తియ్యి."

ఆస్పత్రిలో డాక్టరు బాబు నోటి వాసన చూసి, కనురెప్పలు ఎత్తి చూసి, వాణ్ని పక్కకు తిప్పి పడుకోబెట్టాడు. నేను వాడి ఛాతీ మీదినుంచి చూపు తిప్పలేదు. అది లేచినప్పుడల్లా నేనూ ఊపిరి తీసుకున్నాను. చివరికి బాబు గొంతు చించుకుని ఏడ్చాడు. అలవాటుగా నేను చెయ్యి చాపబోయాను. "ఏడ్వనియ్యి" అన్నాడు మా ఆయన. ఆ మాట నేర్చుకోవడానికి ఆయనకు ఆస్పత్రి కావలసి వచ్చింది.

ఇంటికి రాగానే అత్త అడిగిన మొదటి మాట: "గింత దానికి దవఖాన ఎందుకు?" నేను ఉగ్గు గిన్నెను బూడిదతో తోమి నా పెట్టెలో పెట్టి తాళం వేశాను.

మర్నాడు పొద్దున అత్త వాకిట్లో పళ్లు తోముకుంటోంది. బాబును ఒళ్లో పెట్టుకుని, పాపను ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాకిట్లోకి వినిపించేలా చెప్పాను.

"తమ్ముడు ఒక్కడే పండుకునుడు నేర్చుకుంటుండు. జర ఏడుస్తడు. నువ్వు భయపడకు. ఎవరన్న వాని నోట్ల ఏదన్న పోసి ఏడుపు మాన్పిస్తే మాత్రం ఉరికొచ్చి నాకు చెప్పు."

"బాపమ్మ పోసినా?"

"బాపమ్మ పోస్తే ఇంకా జల్ది ఉరుకు."