చప్పుడు చెయ్యని మీటలు

సౌదీలోని జుబైల్‌లో కీబోర్డు కొనబోయిన లింబాద్రికి బుర్ర తిరిగిపోయింది. పాతదాని మీద అక్షరాలు అరిగిపోయాయి, మధ్యరకం ధరలో గట్టిది తెమ్మని మేనేజరు పంపాడు. తీరా వస్తే దుకాణంలోని కడప ఖాసిం మూడు తీసి ముందు పెట్టాడు. మీటల కింద స్విచ్చులు వేరట. నీలం రంగువి టకటకమంటాయి, గోధుమ రంగువి వేలికి చిన్నగా తట్టు తగిలిస్తాయి, ఎర్రవి పెద్దగా చప్పుడు లేకుండా దిగిపోతాయి.

లింబాద్రి ఒక్కోదాన్ని వేలి కణుపుతో కొట్టి చెవి ఒగ్గాడు. టైల్స్ మేస్త్రీగా వచ్చిన మనిషి. మోగిన టైలు కింద బోలు ఉన్నట్టేనని ఎన్నిటినో పీకేసిన చెయ్యి అది. మరి ఇతనేమిటి, మోగేదాన్ని కూడా మంచిదేనని ముందు పెట్టాడు?

“నువ్వు చేసే పనేందో చెప్పన్నా, ఏది సరిపోతాదో నేను చెప్తా” అన్నాడు ఖాసిం.

లింబాద్రి ఆరేళ్లుగా ఆఫీసులో కూలీల హాజరు టైపు చేస్తున్నాడు. అక్కడ ఉండి పని చేసుకోవడానికిచ్చే ఇకామా కార్డులో మాత్రం ఇంకా మేస్త్రీయే. ఆఫీసుల్లో సౌదీలను పెట్టుకోవాలన్న నితాఖాత్ నిబంధన వచ్చాక, తనిఖీవాళ్లు వచ్చారంటే చాలు, హెల్మెట్ పెట్టుకుని సిమెంటు బస్తాల దగ్గరికి పరుగెత్తాలి.

“ఇకామాల ఉన్న పని చెప్పాల్నా, చేసే పని చెప్పాల్నా తమ్మీ?”

ఖాసిం ఓసారి తలుపు వైపు చూశాడు. “చేసేదే చెప్పన్నా. నా ఇకామాలో నేను గొర్రెల కాపరిని.”

లింబాద్రి ఎర్ర స్విచ్చులదాన్ని అతని ముందుకు జరిపాడు.

“అయితే సప్పుడు చెయ్యనియి రెండు తియ్యి. ఒకటి నువ్వే పెట్టుకో.”