మా గల్లీలో పట్టే కారు

నకిరేకల్‌లో మా ఇంటి ముందు గదే నా టైలరింగ్ దుకాణం. పొద్దున గ్రంథాలయం తెరిచినప్పటి నుంచి పది దాకా అక్కడ, ఆ తర్వాత మిషన్ మీద. ఇది ముప్పై ఏళ్ల అలవాటు. ఏడో తరగతితో బడి మానేసిన నాకు బ్యాటరీలో లిథియం ఏం చేస్తుందో, కిలోవాట్ అవర్ అంటే ఏమిటో నేర్పింది ఆ గ్రంథాలయమే. కరెంటు కార్ల గురించి ఏ పత్రికలో ఏది వచ్చినా నోటుబుక్కులోకి ఎక్కించుకునేవాణ్ణి. తెలంగాణ వచ్చిన కొత్తలో మొదలుపెట్టిన ఆ నోటుబుక్కు ఇప్పుడు మూడోది నడుస్తోంది.

మొదట అది ఉత్త ఆసక్తే. నా భార్య మోకాళ్లు అరిగాయని నల్లగొండ దవాఖానలో చెప్పాక అవసరమైంది. కేతేపల్లి అవతల లోపలి ఊళ్లో ఆమె చెల్లెలు ఉంటుంది. ప్రతి ఆదివారం నా స్కూటర్ వెనక కూర్చుని వెళ్లి, సాయంత్రం దాకా ముచ్చట్లాడి వచ్చేది. వారమంతా జాకెట్లకు హుక్కులు కుట్టే మనిషికి అదొక్కటే బయటి లోకం. మోకాళ్లు ముడవడం కష్టమయ్యాక స్కూటర్ ఎక్కలేకపోయింది. బస్సు మెట్టు అందదు. షేర్ ఆటోలో కాళ్లు చాపే జాగా ఉండదు. నాలుగు నెలలు ఆదివారాలు గడప మీదే కూర్చుంది.  

చిన్న కరెంటు కారు కొంటానని చెప్పాను. ఇంట్లోనే చార్జింగ్, పొగ ఉండదు, సీటు ఎత్తు సరిపోతుంది. నేను చదివిందంతా అరగంటసేపు వివరించాను. ఆమె హుక్కు కుడుతూనే ఒకే మాట అడిగింది. "మన గల్లీల పడ్తదా?"

ఆ సంగతి ఏ పత్రికలోనూ రాయలేదు. మా గల్లీ మలుపు దగ్గర ఒక పక్క ఎదురింటి అరుగు, ఇంకో పక్క కరెంటు స్తంభం. మధ్యలో కొలిస్తే అరవై ఆరు అంగుళాలు.

మెడలో టేపు వేసుకునే నల్లగొండ షోరూముకు వెళ్లాను. అక్కడున్న కారు మా ముందు గదంత ఉంది. బానెట్ మీద అడ్డంగా టేపు పెట్టాను. నా టేపు అరవై అంగుళాలు. టేపు అయిపోయినా కారు అయిపోలేదు. సేల్స్ అతను నవ్వు ఆపుకుంటూ, "అంకుల్, చొక్కా కుట్టిస్తరా దీనికి" అన్నాడు. చిన్నవి లేవా అంటే, చిన్నవాటిని కంపెనీలు చెయ్యడం లేదని, అందరూ పెద్దవే అడుగుతున్నారని చెప్పాడు. అందరూ ఎవరో నాకు తెలియలేదు. మా గల్లీలో ఎవరూ అడగలేదు. సూర్యాపేటలో ఇంకో షోరూములో ఒక చిన్న కారు బొమ్మ ఉంది, కారు లేదు. ఉన్నా, దాని ధరకు మా ఇల్లు అమ్మినా చాలేట్టు లేదు.

ఖాకీ చొక్కాలు నా దగ్గరే కుట్టించుకునే ఆటో సాయిబు ఒకాయన ఉన్నాడు. ఈ కథంతా విని గట్టిగా నవ్వాడు. "మాస్టర్ సాబ్, కారు కారని ఎందుకు ఫికర్? నా బ్యాటరీ ఆటో తీసుకో. నేను పెద్ద బండి కొంటున్న. మీ ఇంటామెను ఎక్కించి చూడు, కాళ్లు చాపుకోని కూసుంటది" అన్నాడు.

ఆటో మలుపులో నిమ్మళంగా తిరిగింది. మెట్టు జానెడెత్తు. లైసెన్సుకూ కాగితాలకూ రెండు నెలలు తిరిగి, దాన్ని ఇంటికి తెచ్చాను. ఇస్త్రీ పెట్టె ప్లగ్గుకే చార్జింగ్ పెట్టాను.

కొన్నాను కాబట్టి అది నాదే అనుకున్నాను. నా పొరపాటల్లా అదే. మొదటి ఆదివారం కేతేపల్లి దాటి లోపలి దారి పట్టగానే ఒకామె చెయ్యి ఎత్తింది. నేను ఆపలేదు. వెనక నుంచి మా ఆమె భుజం మీద పొడిచింది. "ఎండల నిలబెట్టి పోతవా?"

ఆపాను. ఎక్కిన ఆమె కిరాయి ఎంతని అడిగింది. కిరాయి లేదు, సొంత బండి అన్నాను. వెంటనే దిగబోయింది. పైసలు తీసుకోని ఆటోవాణ్ణి ఎలా నమ్మడమని ఆమె అనుమానం. మా ఆమె ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "మా ఆయినెనే. పుస్తకాలు సదివి గిట్లయిండు. కూసో."

ఊరు వచ్చేసరికి ఆ ఇద్దరూ వరసలు కలుపుకున్నారు. తర్వాతి వారానికి ఆ దారిలో అందరికీ తెలిసిపోయింది. ఇద్దరికి మించి ఎక్కించుకోవద్దని, తన కాళ్ల జాగా తనకే ఉండాలని మా ఆమె పద్ధతి పెట్టింది. ఎవరు ఎక్కాలో కూడా ఆమే చెబుతుంది. చిక్కుడుకాయలు, మక్క కంకులు, కూతుళ్ల కబుర్లు అన్నీ వెనక సీట్లోనే చేతులు మారతాయి. నాకు రోడ్డు మాత్రమే కనిపిస్తుంది, నవ్వులు వినిపిస్తాయి.

మొన్న పత్రికలో ఒక చిన్న కరెంటు కారు గురించి వచ్చింది. వెడల్పు మా మలుపుకు సరిపోతుంది. ధర కూడా కిందామీదా పడితే అందేలా ఉంది. బుకింగ్ చేసి ఎన్నాళ్లు ఆగాలో మాత్రం చెప్పలేదు. గ్రంథాలయం నుంచి పరుగులాంటి నడకతో వచ్చి ఆమెకు బొమ్మ చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. మంచిగుందంది. తర్వాత అడిగింది.

"గిండ్ల నేను ముందు కూసుంటె, ఎనక కూసున్నోళ్ల మొఖాలు ఎట్ల కనవడ్తయయ్యా?"

బుకింగ్ కాగితం నేను నింపలేదు. వివరాలు మాత్రం నోటుబుక్కులో రాసుకున్నాను. ఎవరికైనా పనికొస్తాయి. ఈ ఆదివారం తొమ్మిదింటికే బయలుదేరాలని ఆమె పొద్దుటి నుంచి తొందరపెడుతోంది. ఊరి స్వాగత కమాన్ దగ్గర ఎక్కించుకుంటామని ఎవరికో మాట ఇచ్చిందట.