మా మేనత్త మెడలో పలుపు

మొన్న నాందేడ్‌లో మా మనుమడి పుట్టినరోజు విందు. నేను కడుపు నిండి లేవబోతుంటే వాడి దోస్తు ఒకడు నా పళ్లెంలో మరో గరిటె బిర్యానీ వేసి, "తాతా, గిసుంటి బిర్యానీ ఇడిసిపెడితె పాపం" అన్నాడు. అందరితోపాటు నేనూ నవ్వాను; ఏడో తరగతిలో బడికి దండం పెట్టి బయటపడ్డ నాటినుంచి నవ్వడం, నవ్వించడమే నా చదువు. కానీ చెయ్యి కడుక్కుంటుంటే మా మేనత్త గుర్తుకొచ్చి, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 'పాపం' అన్న ఆ మాట మా ఊళ్లో ఎంత బరువుగా ఉండేదో నా ఈడువారికి తెలుసు.

నాందేడ్ జిల్లాలో, మర్ఖేల్ పక్కన మా ఊరు. మేనమామలు లేని లోటు తీర్చడానికా అన్నట్టు, భర్త పోయి మా ఇంట్లోనే ఉండే మేనత్త నన్ను పొద్దస్తమానం ఆటపట్టించేది. సగం తెలుగు, సగం మరాఠీ కలిపి ఆమె మాట్లాడుతుంటే బావి దగ్గర ఆడవాళ్లు నీళ్లు చేదడం మరిచిపోయేవారు. ఒకనాడు ఆమె ఆవు పక్క చేనులో పడింది. ఆ చేను ఆసామి, ఊరి పెద్దల్లో ఒకడు, దాని నడుము మీద దుడ్డుకర్రతో బాదాడు. అత్త పరుగెత్తిపోయి, కుంటుతున్న ఆవును తోలుకొచ్చి కొట్టంలో కట్టేసింది. తెల్లవారేసరికి అది చచ్చిపడి ఉంది, మెడకు పలుపుతోనే.

మెడలో పలుపు ఉండగా ఆవు ప్రాణం పోతే కట్టినవారికి గోహత్య అంటుతుందని మా వైపు ఆచారం. వాళ్లు అదే పలుపు తమ మెడలో వేసుకుని, నోట మాట రానీయకుండా, ఆవులా అరుస్తూ ఊరూరా బిచ్చమెత్తి, గోదావరిలో మునిగి రావాలి. అందాకా ఆ ఇంటి నీళ్లు ఎవరూ తాగరు, బావి దగ్గరికి రానివ్వరు. మా బాపు పంచాయితీలో దెబ్బల సంగతి ఎత్తబోతే ఆ ఆసామే, "దెబ్బకు సచ్చిందని ఎవలు జూసిన్రు? మెడల పలుపైతే అందరం జూసినం" అన్నాడు. అత్త మాత్రం, "కట్టింది నేనే, అన్నా. నేనే పోత" అంది.

మాట్లాడకూడదు గనుక, ప్రతి గడపలోనూ సంగతి చెప్పడానికి నేను వెంట నడిచాను. అప్పటికే నాకు మీసాలొచ్చాయి, భోకర్ మార్కెట్లో పని చేసేవాణ్ణి. "మా అత్తకు పలుపు బరువు గాదు తల్లీ, నోరు మూసుకునుడే బరువు" అంటే ఆడవాళ్లు నవ్వుతూ జొన్నలు పోసేవారు; అత్త కళ్లతోనే నన్ను తిట్టేది. కానీ ఆమె 'అంబా' అన్నప్పుడల్లా నేను పరాచికాలు ఆపి పక్కకు తిరిగేవాణ్ణి, ఎందుకంటే అది అచ్చం చచ్చిన ఆవు గొంతే.

చివరికి మా ఊరు, చివరి గడప ఆ ఆసామిది. ఆయన భార్య జొన్నలు తెచ్చింది. అత్త కొంగు పట్టలేదు, అరిచింది. మళ్లీ అరిచింది. వాడకట్టంతా బయటికొచ్చి నిలబడినా ఆపలేదు. ఆఖరుకు లోపలినుంచి ఆయనే వచ్చి, చేట అందుకుని, తలెత్తకుండా ఆమె కొంగులో పోశాడు. సగం నేలపాలయ్యాయి.

గోదావరిలో మునిగి, పలుపు నీళ్లలో వదిలి అత్త ఒడ్డుకొచ్చింది. ఇక మాట్లాడవచ్చు. ఆయన పేరు పెట్టి దుమ్మెత్తిపోస్తుందని, ఊళ్లో అందరి ముందూ నిలదీస్తుందని నేను ఎదురుచూశాను. ఆమె తడి జుట్టు పిండుకుంటూ, "అల్లుడా, ఆయన చెయ్యి వణికింది, జూసినవారా? ఇగ సాలు" అంది. తరువాత ఎన్నడూ ఆ సంగతి ఎత్తలేదు.

ఆమెకు సాలింది గాని నాకు ఇప్పటికీ సాలలేదు. ఆ ఆచారం పోయింది, మంచిదే. ఏ ఆడమనిషీ మెడలో పలుపుతో గడప గడపకూ తిరగకూడదు. ఇప్పుడు దేగ్లూరు రోడ్డు మీద లారీ గుద్ది ఆవు పడి ఉంటే బండ్లు పక్కనుంచి తప్పుకుని పోతుంటాయి. అది ఎవరిదో, ఎవరు గుద్దారో ఎవరూ అడగరు. నేనూ ఆటోలో కూర్చుని మెడ తిప్పి చూస్తూ ముందుకు పోతుంటాను. ఎవరి చెయ్యీ వణకదు.