కరుణ అనని మాట

ఆరేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. ప్రార్థనలో కూడా దాని చుట్టూ తిరిగి వచ్చేస్తాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది వాట్‌గంజ్‌లో, ఈ బెంగాలీ ఊరికి రేవు పనికొచ్చిన తెలుగువాళ్ల క్రైస్తవ సంఘం. నేను చదివింది రెండో తరగతి. కానీ విన్నది మరిచిపోను. మా సంఘపెద్ద బైబిలు వాక్యం ఒక్కసారి చదివితే చాలు, పొల్లుపోకుండా అప్పజెప్పేదాన్ని. మా ఆడవాళ్లకూ పిల్లలకూ మాట్లాడే తెలుగే గానీ చదివే తెలుగు రాదు. అందుకని స్త్రీల కూడికలో ఎవరూ పుస్తకం తెరిచేవారు కాదు. నేను చెప్పడం, వాళ్లు అనడం. ఆడవాళ్లు సంఘంలో మౌనంగా ఉండాలని పౌలు రాసిన భాగం ఎన్నిసార్లు చెప్పించానో. మౌనంగా ఉండమని గొంతెత్తి చెప్పింది నేనే.

కరుణ వరంగల్ వైపు పిల్ల. ఊరికి అవతలి కొసన న్యూ టౌన్‌లో కంప్యూటర్ ఉద్యోగం. అంత దూరం నుంచి క్యాబు కట్టించుకుని మా సందులోకి ఎందుకొస్తోంది? టీ గ్లాసులు కడిగినా అనుమానమే, పిల్లలకు అక్షరాలు దిద్దించినా అనుమానమే. ఎవరు పంపారు? ఏం కావాలి?

ఒక శనివారం కూడికలో ఆ పిల్ల పుస్తకం తెరిచి, పౌలు రోమా వాళ్లకు రాసిన ఉత్తరంలో చివరి అధ్యాయం చదివింది. అందులో ఫీబే అని ఒకావిడ. మాలాగే ఆవిడదీ రేవు ఊరే. అక్కడి సంఘం పనులు చూసే పరిచారకురాలట. ఆవిడను ఆదరించమని పౌలే సిఫారసు చేశాడు. తర్వాత ఇంకా ఎన్నో ఆడపేర్లు.

"ఈ ఉత్తరం మోసుకపోయింది ఆమెనే అంటరు. మరి వాళ్లకు అర్థం కాకుంటే ఎవర్నడిగి ఉంటరు? ఆమె నోరు మూసుకుంటే ఎట్ల?" అంది కరుణ.

అందరూ నావైపు చూశారు. నలభై ఏళ్లుగా వింటున్నాను, ఆ పేర్లలో ఒక్కటీ వినలేదు. పెద్దాయన ఆ అధ్యాయం ఎన్నడూ చదవలేదు. కావాలనే దాటేశాడా? ఉత్త పేర్లేనని విసుగుపడ్డాడా? కోపం రావలసింది ఆయన మీద. వచ్చింది ఆ పిల్ల మీద.

సంగతి ఆయన చెవిన పడింది. మర్నాడు ఆరాధన అయ్యాక కరుణను అందరి ముందూ నిలబెట్టాడు. నన్ను పిలిచాడు.

"నీ నోట తప్పు రాదు. పౌలు మాట అబద్ధమని ఈ పిల్ల అన్నాదా, నేదా? సెప్పమ్మా."

కరుణ ముఖం తేటపడింది. నన్ను చూసి నవ్వింది కూడా.

"పెద్దమ్మా, నువ్వే చెప్పు. నీకు అన్నీ యాదుంటయి గదా."

"అన్నాది," అన్నాను.

కూడికలో విన్న ఆడవాళ్లు కూడా తలలూపారు. తమ చెవులకంటే నా జ్ఞాపకాన్నే నమ్మారు. కరుణను రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్లకు దూరం పెట్టారు, పిల్లలకు అక్షరాలు చెప్పనివ్వలేదు. ఆ పిల్ల మళ్లీ రాలేదు.

పెద్దాయనకు భయపడి అన్నానని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. ఇప్పుడు దాన్నీ నమ్మను. భయపడ్డవాళ్ల గొంతు వణుకుతుంది కదా? నాది వణకలేదు. నా చోటు పోతుందనుకున్నానా? అదే అయి ఉంటుంది.

పోయిన నెల కూడికలో ఒక చిన్నకోడలు కొత్తగా వచ్చిన అమ్మాయికి చెబుతోంది. "మునుపు కరుణ అని ఒకమ్మాయి ఒచ్చీది. పౌలు మాట అబద్ధమన్నాది. అందుకే బల్లకి దూరం పెట్టీసినారు." ఎక్కడ ఆపాలో అక్కడ ఆపి, అచ్చం నాలాగే చెప్పింది. కొత్తమ్మాయి పెదాలు కదుపుతూ మనసులో నిలుపుకుంటోంది.

అలా నేర్పింది నేనే. కరుణ ఆ మాట అనలేదు. అన్నది నేను.